పాత కంప్యూటర్‌కి కొత్త డిస్క్: ముందు కాపీ, తర్వాతే స్క్రూడ్రైవర్



గత టర్మ్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు సైన్స్ ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన రోజు ఖాళీ చేతులతో వచ్చాడు. "మొత్తం టైప్ చేశాను మేడమ్, రాత్రి కంప్యూటర్ ఆన్ కాలేదు" అన్నాడు. రోజూ వినే సాకే అనుకుని క్లాసులో అందరి ముందూ కోప్పడ్డాను. ఆ శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ళ నాన్నగారు వచ్చారు. "హార్డ్ డిస్క్ పోయిందండీ. ప్రాజెక్ట్ అయితే మళ్ళీ చేస్తాడు. చనిపోయిన మా అమ్మ ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి" అన్నారు. నాకు మాట రాలేదు. సోమవారం అదే క్లాసులో, అందరి ముందూ ఆ అబ్బాయికి సారీ చెప్పాను.

వాళ్ళ కంప్యూటర్ ఆన్ అవడానికి చాలా రోజులుగా పది నిమిషాలు పడుతోందట. లోపల టిక్ టిక్ మని శబ్దం కూడా వచ్చేదట. ఆ గుర్తులు ముందే తెలిసి ఉంటే ఫోటోలు దక్కేవేమో. అందుకే ఈ నెల పాఠం పిల్లలకే కాదు, మీకు కూడా.

లోపల ఏం జరుగుతుంది?

హార్డ్ డిస్క్‌లో అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళేలు ఉంటాయి. అవి నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. వాటి మీద, తాకీ తాకనట్టు, ఒక చిన్న హెడ్ కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. కదిలే వస్తువు ఏదైనా ఏదో ఒక రోజు అరిగిపోతుంది.

ఎస్.ఎస్.డి.లో కదిలే భాగాలే ఉండవు. మన ఫోన్‌లో, పెన్ డ్రైవ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీ లాంటిదే ఇందులోనూ ఉంటుంది. కావలసిన చోటు తిరిగి వచ్చేదాకా ఆగక్కర్లేదు కాబట్టి కంప్యూటర్ చాలా త్వరగా తెరుచుకుంటుంది. నాలుగైదేళ్ళ కంప్యూటర్ నెమ్మదించిందని కొత్తది కొనేముందు, ఈ ఒక్క మార్పు సరిపోతుందేమో చూడండి.

ఎలా మార్చుకోవాలి?

1. ముందు కాపీ. ఫోటోలు, సర్టిఫికెట్లు, పిల్లల ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి ఎక్కించండి. కాపీ అయ్యాక నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి. డిస్క్ శబ్దం చేస్తుంటే పదేపదే ఆన్ చేయకండి, ఉన్నది కూడా పోవచ్చు. ముఖ్యమైనవి ఉంటే వెంటనే ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ళకి చూపించండి.

2. సరైనది కొనండి. పాత లాప్‌టాప్‌లలో ఎక్కువగా 2.5 అంగుళాల సాటా డిస్క్ ఉంటుంది. డెస్క్‌టాప్‌లో 3.5 అంగుళాలది ఉన్నా, 2.5 అంగుళాల సాటా ఎస్.ఎస్.డి.ని చిన్న బ్రాకెట్‌తో బిగించవచ్చు. కొన్ని కొత్త మోడళ్ళలో ఎం.2 అనే వేరే స్లాట్ ఉంటుంది. మోడల్ నంబర్ రాసుకుని షాపుకి వెళ్ళండి. వారంటీ ఇంకా ఉంటే, విప్పితే అది పోతుందేమో ముందే కనుక్కోండి.

3. క్లోనా, కొత్తగా విండోసా? పాత డిస్క్ బాగుంటే యు.ఎస్.బి. కేబుల్‌తో ఎస్.ఎస్.డి.ని కలిపి, ఉన్నదున్నట్టుగా క్లోన్ చేయవచ్చు. లేదంటే 8 జీబీ పెన్ డ్రైవ్‌తో విండోస్ కొత్తగా వేసుకోవచ్చు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ విండోస్ 11కి సరిపోతుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

4. బిగించడం. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీయండి. లాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్షన్ కూడా తీయాలి. ఏదైనా లోహపు భాగాన్ని ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ కరెంట్ పోగొట్టుకోండి. డెస్క్‌టాప్‌లో రెండే కేబుళ్ళు: ఒకటి డేటాకి, ఒకటి పవర్‌కి. రెండూ ఒక వైపే దూరతాయి, బలవంతం చేయకండి. చేయి తిరగదనిపిస్తే షాపులోనే చేయించండి, తప్పేం లేదు. కానీ "ఫార్మాట్ చేసేద్దామా?" అని అడిగితే, కాపీ ఉందో లేదో చూసుకోకుండా ఊ అనకండి. పాత డిస్క్ అడిగి తీసుకోండి.

5. పాత డిస్క్. కొత్తది బాగా నడుస్తోందని తేలేవరకు ఒక నెల దాచండి. తర్వాత పాత సామాన్లవాడికి వేయకండి. డిలీట్ చేసినంత మాత్రాన ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు చెరిగిపోవు. క్విక్ ఫార్మాట్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేసి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

ఒక్క మాట మరువకండి: ఎస్.ఎస్.డి. కూడా పాడవుతుంది, ఒక్కోసారి ఏ శబ్దమూ చేయకుండానే. డిస్క్ కొత్తదైనా ముఖ్యమైనవి మరో చోట ఉండాల్సిందే.

పిల్లలతో కలిసి

ఈ పని ఆదివారం పెట్టుకుని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. స్క్రూలు ఒక గిన్నెలో వేసే బాధ్యత వాళ్ళకివ్వండి. ఒక లెక్క కూడా అడగండి: నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ సెకనుకి ఎన్నిసార్లు తిరుగుతుంది? 120 సార్లు. మరి ఒక్క చుట్టుకి ఎంత సమయం? సుమారు 8 మిల్లీసెకన్లు. ఆరో తరగతి ఏకవస్తు పద్ధతి చాలు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఏ ప్రాజెక్ట్ చేసినా రెండు చోట్ల సేవ్ చేస్తున్నాడు. నేనూ మా ఇంట్లో ఫోటోలన్నీ మరో డిస్క్‌లోకి ఎక్కించాను. మీరూ ఈ ఆదివారం కాపీ ఒక్కటైనా పూర్తి చేయండి. డిస్క్ మార్చడం వచ్చే ఆదివారమైనా ఫరవాలేదు.