బంగారుపాము చూపిన బాట

విశ్వవిద్యాలయమున జన్యుశాస్త్రాచార్యుడు కావలెనని, అణుజీవశాస్త్రమున పరిశోధన సాగింపవలెనని కోరు విద్యార్థులు జీతమెంత, ఉద్యోగమెన్నడు అని అడిగినప్పుడు, వారికి నేను ముందుగా నొక పాముకథ చెప్పుదును.

పాముల క్రోమోజోములపై పరిశోధించి 1971లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిన లాల్జీ సింగ్, తరువాత ఎడింబరోలో పనిచేయుచు, ఆడపాము లింగనిర్ణాయక క్రోమోజోమునందు మరలమరల ఆవృత్తమగు డి.ఎన్.ఏ. భాగము నొకదానిని వేఱుపఱచెను. ఆ పాము పసుపు, నలుపు కట్లుగల కట్లపాము. దాని శాస్త్రనామమైన ‘బంగారస్’ మన ‘బంగారుపాము’ నుండి పుట్టినదేయని, పాములపై గ్రంథము వ్రాసిన పాట్రిక్ రస్సెల్ ఆ తెలుగుపేరును 1796లోనే గ్రంథస్థము చేసెనని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషము ఈ వ్యాసమునకు అంతగా సంబంధించినది కాదు. అయినను చెప్పక యుండలేను. 1987లో లాల్జీ సింగ్ హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాసంస్థకు వచ్చి, ఆ పాము డి.ఎన్.ఏ.నే ఆధారముగా గొని మనుష్యులను గుర్తించు డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి నొకదానిని రూపొందించెను. కేరళలోని యొక పితృత్వవివాదమున అది సాక్ష్యముగా నిలిచినది. పాములను పరీక్షించుచున్న నాడు న్యాయస్థానము ఆయన తలపునకైనను వచ్చియుండదు. ఫలమెక్కడ తేలునో తెలియకయే పదునైదేండ్లు ఒకే ప్రశ్నను వెంబడింపగలవారికే యీ వృత్తి తగును.

మార్గము నందఱు నెఱుగుదురు: జీవశాస్త్రములతో డిగ్రీ, జన్యుశాస్త్రమునగాని బయోటెక్నాలజీలోగాని ఎం.ఎస్సీ., సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్ష, ఆపై పి.హెచ్‌డి. నెట్‌లో జూనియర్ ఫెలోషిప్పు లభించినవారికి 2023 నుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట 42,000. అసిస్టెంట్ ప్రొఫెసరు మూలవేతనము 57,700తో, ప్రొఫెసరుది 1,44,200తో ఆరంభమగును; ఈ రెంటి నడుమ కనీసము పదేండ్ల బోధన, పరిశోధనానుభవము నిబంధనలే కోరుచున్నవి. మన రాష్ట్రములలో శాశ్వతనియామకములు ఏండ్లతరబడి నిలిచిపోవుటయు, పట్టభద్రులు కాంట్రాక్టు కొలువులలో వయస్సు గడుపుటయు దాచవలసిన విషయములు కావు. ఇంట చెప్పి, అందఱి సమ్మతితో దిగుడు.

ఇక దినచర్య. పిపెట్టు పట్టి, మూడుదినములు శ్రమించి నడిపిన పి.సి.ఆర్. ఫలితమును జెల్‌పై చూడబోగా, ఒక్క గీతయైనను కానరాని ఉదయములు పరిశోధకుని జీవితమున విజయదినములకంటె మిక్కిలి హెచ్చు. తప్పు ప్రైమరుదా, ఎంజైముదా, తన చేతిదా అని యొక్కొక్కటిగా తొలగించుకొని పోవుటయే అసలు విద్య. నెట్ ర్యాంకు దానిని నేర్పదు. విచిత్రమేమనగా, ఆచార్యపదవి చేరినపిదప ఆ పిపెట్టే చేతినుండి జారిపోవును: పాఠములు, ప్రశ్నపత్రములు, నిధులకై వ్రాయు ప్రతిపాదనలు, నైతికసంఘముల అనుమతులు, రసాయనముల కొనుగోలు కాగితములు, శిష్యుల సిద్ధాంతవ్యాసములు దినమును మ్రింగివేయును. ప్రయోగముపై ప్రేమ గలవారు దీనిని ముందే యెఱిగియుండవలెను.

విశ్వవిద్యాలయపు పేరుకంటె గైడును జాగ్రత్తగా నెన్నుకొనుడు. ఆయన పత్రముల సంఖ్య అంతర్జాలమున దొరకును, ఆయనయొద్ద పి.హెచ్‌డి. ముగించుటకు ఎన్నేండ్లు పట్టుచున్నదో, విడిచిపోయినవారెందఱో మాత్రము ప్రస్తుత విద్యార్థులను టీకొట్టుకడ అడిగియే తెలిసికొనవలెను. జన్యుక్రమమును చదువుట చౌకయైన యీ కాలమున, చదివినదానిని విశ్లేషించుటకు గణాంకశాస్త్రము, కొంత ప్రోగ్రామింగు తప్పనిసరి. లెక్కలకు వెఱచి జీవశాస్త్రమున చేరినవారికి ఇది చేదుమాట.

డిగ్రీలోనున్నవారు దేశమందలి మూడు విజ్ఞానపరిషత్తులు కలిసి యిచ్చు వేసవి పరిశోధనా ఫెలోషిప్పునకు దరఖాస్తు పెట్టుకొని, రెండు నెలలు ఏదేని ప్రయోగశాలలో పనిచేసి చూడుడు. జెల్ పాడైన మఱునాటి ఉదయము మరల అక్కడికే పోవ బుద్ధిపుట్టినచో, అప్పుడు ఎం.ఎస్సీ. దరఖాస్తు నింపుడు.