తుపాకీ మోత నుంచి చెవికి రక్షణ

రైఫిల్ షూటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. తూటా పేలుడు శబ్దం సాధారణంగా 140 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క మోతకే లోచెవిలోని సున్నితమైన రోమ కణాలు చచ్చిపోవచ్చు. అవి మళ్లీ పుట్టవు. చెవిలో హోరును యునానీలో 'తనీన్' అంటారు. ఏ రోగన్ చుక్కలూ చచ్చిన కణాలను బతికించలేవు. కనుక ముందుజాగ్రత్తే మందు.

దూది చాలదు. ఎన్.ఆర్.ఆర్. అంకె ఎక్కువగా ఉన్న ఫోమ్ ప్లగ్ కొనండి. దాన్ని సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. సరిగ్గా కూర్చోకపోతే ఆ అంకె వృథా. పైన ఇయర్‌మఫ్ కూడా పెడితే సుమారు 5 డెసిబెల్స్ రక్షణ పెరుగుతుంది. మఫ్ కింద జుట్టు, కళ్లద్దాల కాడలతో సందు రానీయకండి. వినికిడి మందగిస్తే ఆలస్యం చేయక చెవి డాక్టరుకు చూపించండి.