పూలలో పొంచియుండు సాలెపురుగు

నిమ్మతోట గట్టున నాటిన బంతిపూలపై ఒక సీతాకోకచిలుక కదలక వ్రేలాడుచుండుటను రైతులు ఉదయపువేళ అప్పుడప్పుడు చూచియుందురు. రెక్కలు చిరుగలేదు, రంగు చెడలేదు, వ్రేలితో తాకినను ఎగురదు. కొందరు పూలకు తెగులు తగిలినదనియు, మరికొందరు పొరుగుచేనిలో చల్లిన మందు గాలికి వచ్చినదనియు తలంతురు. అట్లు నిశ్చయించుటకు ముందు పువ్వును మెల్లగా వంచి రేకుల నడుమ చూడవలెను. సీతాకోకచిలుక మెడను కరచి పట్టుకొని, పువ్వురంగులో కలిసిపోయిన సాలెపురుగొకటి అచ్చట నుండవచ్చును.

ఇది వల పన్ని వేటాడునది కాదు. దారము దీనికిని కలదు గాని, క్రిందికి జారుటకును, గ్రుడ్లసంచిని కట్టుటకును వాడుకొనును. ముందరి రెండుజతల కాళ్లు వెనుకటి కాళ్లకంటె పొడవై బలముగా నుండును. వానిని ఎండ్రకాయవలె చాచి కూర్చుండి, ఎండ్రకాయవలెనే ప్రక్కకు నడచును. కావుననే దీనికి పీతసాలీడను పేరు కలిగినది. ఆడది సుమారు శనగగింజయంత యుండును; మగది మిక్కిలి చిన్నది. ఈ కుటుంబములోని కొన్నిజాతులయందు తెల్లని ఆడుపురుగు పసుపుపచ్చని పువ్వుపై చేరినచో తానును పసుపుపచ్చనగును. అయితే ఊసరవెల్లివలె తటాలున మారదు. అందుకు కొన్నిదినములు పట్టును.

మనకంటికి కనబడనిది తేనెటీగకును కనబడదని యెంచరాదు. ఆస్ట్రేలియాలోని ఒక పీతసాలీడు మనుష్యునికి అగపడని నీలలోహితాతీత కాంతిని ప్రతిఫలింపజేయుననియు, ఆ మెరుపును చూచియే తేనెటీగలు ఆ పువ్వునకు ఎక్కువగా వచ్చుననియు 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అక్కడ సాలీడు దాగుకొనుట లేదు, ఎర వేయుచున్నది!

వేటను చూడగోరువారు పువ్వుపై తమ నీడ పడకుండ నిలువవలెను. సీతాకోకచిలుక వ్రాలి, చుట్టియున్న నాలుకను విప్పి తేనెలో ముంచువరకు సాలీడు కదలదు. ఎర కాళ్లకు అందినంతనే ముందరి కాళ్లతో బిగించి, తల వెనుక కరచును. రెక్కలు కొంతసేపు కొట్టుకొని నిలిచిపోవును. సాలీడు మాంసమును నమలక, లోపలి భాగమును కరగించు రసమును ఎక్కించి పీల్చివేయును. పై డొల్లయు రెక్కలును చెడక నిలుచుటకు ఇదియే కారణము. పని ముగిసినపిదప దానిని క్రిందికి జారవిడుచును.

దీనివలన రైతునకు లాభమా, నష్టమా? నిమ్మసీతాకోకచిలుక లేతాకులపై ఒక్కొక్కటిగా గ్రుడ్లు పెట్టును. వానినుండి పుట్టిన గొంగళిపురుగులు మొదట పక్షిరెట్టవలెను, తరువాత ఆకుపచ్చగను ఉండి, నారుమొక్కలను మోడు చేయును. గ్రుడ్లు పెట్టకముందే ఆడచిలుక సాలీడు నోట పడినచో అంతమేరకు మేలే. కాని ఈ చిలుక తేనె త్రాగునప్పుడు సైతము రెక్కలాడించుచునే యుండును. పట్టుట సులభము కాదు. ఎక్కువగా చిక్కునవి చిన్నవి. వానిలో తంగేటి ఆకును తిని పెరిగిన పసుపు చిలుకలు పైరునకు ఏ హానియు చేయనివి.

తేనెటీగలు చిక్కినచో మాత్రము నష్టమే. గుమ్మడి, దోస పాదులలో మగపువ్వు పుప్పొడి ఆడుపువ్వునకు చేరనిది పిందె నిలువదు. ఆ పనిని చేయునవి ముఖ్యముగా ఈగలజాతులే. కావున అట్టి పూలలో సాలీడు కనబడినచో పుల్లతో ఎత్తి కంచెపూలపై విడిచిన చాలును; చంపనక్కరలేదు. పూతమీద పురుగుమందు చల్లినచో సాలీడుతోపాటు తేనెటీగయు చచ్చును. ఇది సాలీడు చేయు నష్టమునకు ఎన్నోరెట్లు. నిమ్మనారు విషయములో సాలీడును నమ్మి యూరకుండరాదు. గొంగళిపురుగులను చేతితో ఏరివేయవలెను. తాకినప్పుడు తలవెనుక నుండి ఘాటైన వాసనగల కొమ్మును వెలికి చాచును. దానికి వెఱువ పనిలేదు.

తోటలో ఏది చచ్చుచున్నదో తెలిసికొనుటకు వారముదినములు ప్రతియుదయము పూలక్రింద రాలిన డొల్లలను ఏరి, చిలుకలను, తేనెటీగలను, జోరీగలను వేరువేరుగా లెక్కింపవలెను. చీమలు మోసికొనిపోకముందే పోవుట మంచిది.