సెకండ్ హ్యాండ్ స్కానింగ్ మెషీన్ కొనొచ్చా? మండపేట క్లినిక్ లెక్కతో చూద్దాం

సెకండ్ హ్యాండ్ ఫోన్ ఎలా చూడాలో మన రీడర్స్‌కి నేను చెప్పక్కర్లేదు. బ్యాటరీ హెల్త్ ఎంత, డిస్‌ప్లే మార్చారా, ఐఎంఈఐ బాక్స్ మీద ఉన్నదేనా, బిల్లు ఉందా... ఐదు నిమిషాల్లో తేల్చేస్తాం. కానీ ఇంట్లో ఒక డాక్టర్ ఉంటే ఇంకో రకం గ్యాడ్జెట్ కూడా మన దాకా వస్తుంది. "నువ్వు బీటెక్ చేశావుగా, ఈ మెషీన్ ఏదో కాస్త చూసిపెట్టు" అంటారు. మా పెద్దమ్మ గారి అమ్మాయి గైనకాలజిస్ట్. మండపేటలో చిన్న క్లినిక్ పెట్టుకుంటోంది. అల్ట్రాసౌండ్ మెషీన్ కొత్తది పన్నెండు లక్షలు, రీఫర్బిష్డ్ ఐదు లక్షలు. అక్క అడిగింది ఒక్కటే: "ఏడు లక్షల తేడా దేనికిరా?"

నిజానికి మంచి ప్రశ్న. స్పెక్ షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పెద్దగా కనపడదు. తేడా అంతా షీట్‌లో లేని వాటిలో ఉంది.

ముందు కాగితం, తర్వాతే మెషీన్

ఫోన్ అయితే డబ్బులిచ్చి జేబులో పెట్టుకుని వచ్చేస్తాం. ఇక్కడ అలా చేస్తే నేరుగా కేసే. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను ఆపడానికి 1994లో చేసిన పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం, రిజిస్టర్ కాని సెంటర్‌కి గానీ మనిషికి గానీ అల్ట్రాసౌండ్ మెషీన్ అమ్మకూడదు. 2003 సవరణతో ఈ సెక్షన్ వచ్చింది. అమ్మడమే కాదు, సప్లై చేయడం, అద్దెకివ్వడం, వాడుకోనివ్వడం కూడా రూల్స్ ప్రకారం కుదరదు. కొత్తదైనా పాతదైనా, డీలర్ అమ్మినా తోటి డాక్టర్ అమ్మినా ఇదే మాట.

అంటే వరస మారింది. ముందు క్లినిక్ రిజిస్ట్రేషన్ కావాలి. దాని గడువు ఐదేళ్లు, ఆ తర్వాత రెన్యువల్. సర్టిఫికెట్‌లో మెషీన్ మేక్, మోడల్ రాసి ఉంటాయి. మెషీన్ మార్చాలన్నా, డాక్టర్ మారినా, అడ్రస్ మారినా 30 రోజుల ముందే జిల్లా అధికారులకి తెలియజేయాలి. ఈ చట్టం కింద డాక్టర్‌కి గానీ సెంటర్ ఓనర్‌కి గానీ మొదటి నేరానికే మూడేళ్ల దాకా జైలు ఉంది. కాబట్టి "ముందు మెషీన్ తీసుకెళ్లిపోండి మేడమ్, పేపర్లు నెమ్మదిగా చూసుకుందాం" అనే డీలర్ ఎంత డిస్కౌంట్ ఇచ్చినా ఆ షాపు మెట్లు దిగిపోవడమే.

పాత మెషీన్ అయితే ఇంకో పని కూడా ఉంది. వెనక ప్లేట్ మీద ఉన్న సీరియల్ నంబర్, స్క్రీన్ మీద సిస్టమ్ ఇన్ఫోలో వచ్చే నంబర్, అమ్మేవాళ్ల ఇన్వాయిస్‌లో ఉన్న నంబర్ మూడూ ఒకటేనా చూడాలి. ఇంతకుముందు అది ఏ సెంటర్‌లో ఉండేదో, వాళ్లు అధికారులకి తెలియజేసిన లెటర్ కాపీ ఉందో అడగాలి. విదేశాల్లో వాడి వచ్చిన పీస్ అయితే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించమనండి. లేదంటే వదిలేయండి.

అసలు కెమెరా ప్రోబ్‌లో ఉంది

ఫోన్ కెమెరాలో లెన్స్, సెన్సర్ ఎలాగో ఇక్కడ ప్రోబ్ అలాగ. దాని ముఖం వెనక సన్నని పియెజో క్రిస్టల్ ముక్కలు వరసగా ఉంటాయి. చాలా ప్రోబ్‌లలో 128. కరెంటు పల్స్ ఇస్తే అవి వణికి శబ్దాన్ని లోపలికి పంపుతాయి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ కరెంటుగా మారుస్తాయి. ఒంట్లో శబ్దం వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. కాబట్టి 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పొడవు 0.44 మిల్లీమీటర్లు, 7.5 దగ్గర 0.2 మిల్లీమీటర్లు. తరంగం ఎంత చిన్నదైతే అంత సన్నని డీటెయిల్ కనపడుతుంది, కానీ అంత లోతుకి వెళ్లలేదు. అందుకే కడుపు మీద పెట్టి చూడటానికి తక్కువ ఫ్రీక్వెన్సీ కాన్వెక్స్ ప్రోబ్, థైరాయిడ్‌కి ఎక్కువ ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ విడిగా కొంటారు. ఒకే ప్రోబ్ అన్నీ చేస్తుందని చెప్పేవాడు అల్ట్రావైడ్ లెన్స్‌తో మూన్ షాట్ తీస్తానన్నట్టే.

పాత మెషీన్‌లో మొదట పోయేది కూడా ప్రోబే. కింద పడుతుంది, కేబుల్ మెలికలు పడుతుంది, ముఖం మీద రబ్బరు లేచిపోయి జెల్ లోపలికి దిగుతుంది. అప్పుడు 128లో కొన్ని ఎలిమెంట్లు చచ్చిపోతాయి. మెషీన్ మాత్రం ఏ ఎర్రర్ మెసేజ్ ఇవ్వకుండా మామూలుగానే బొమ్మ చూపిస్తుంది. ఇక్కడే ప్రమాదం. ఆ చోట సన్నని నీడ పడుతుంది. దాన్ని శరీరంలో ఉన్న నీడ అనుకోవచ్చు, లేదా ఆ నీడలో ఉన్నది కనపడకుండా పోవచ్చు. గర్భిణులకి టిఫా స్కాన్ మామూలుగా 18 నుంచి 20 వారాల మధ్య చేస్తారు. అక్కడ బిడ్డ గుండెలో గదులు, వెన్నెముక చూడాలి. ఆ రోజు మిస్ అయిన విషయం రెండు నెలల తర్వాత తెలిస్తే కుటుంబం చేతిలో దారులు చాలా తగ్గిపోతాయి.

దీన్ని కనిపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. ప్రోబ్‌ని శుభ్రంగా తుడిచి గాల్లో పట్టుకోండి. స్క్రీన్ పైభాగంలో అడ్డంగా సమానమైన చారలు రావాలి. ఎక్కడైనా నిలువుగా నల్లటి గీత దిగితే అనుమానించాలి. తర్వాత కొద్దిగా జెల్ రాసి, విప్పిన పేపర్ క్లిప్ తీగని ముఖం మీద ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లిగా జరపండి. గీకొద్దు, ఆనిస్తే చాలు. తీగతో పాటు స్క్రీన్ మీద మెరుపు గీతలు కదులుతూ రావాలి, ఎక్కడైనా ఆరిపోతే అక్కడ ఎలిమెంట్ పోయినట్టు. ఈ టెస్ట్‌కి ముందు కాంపౌండింగ్, స్పెకిల్ రిడక్షన్ లాంటివి ఆఫ్ చేయించాలి. మన ఫోన్లలో బ్యూటీ మోడ్ మొటిమల్ని కప్పేసినట్టు, ఈ ఫీచర్లు చచ్చిన ఎలిమెంట్లని కప్పేస్తాయి. డెమో ఇచ్చే అబ్బాయి "ఆయ్, కొత్తదానిలాగే ఉంటాదండి" అంటూ ఆ మోడ్‌లన్నీ ఆన్‌లోనే పెట్టి చూపిస్తాడు.

లాక్ అయి ఉన్న ఫీచర్లు

ఇది మన ఏరియా. అల్ట్రాసౌండ్ లోపల ఉన్నది ఒక పీసీ. పాత మోడళ్లలో చాలా వాటిలో విండోస్ ఎక్స్‌పీ లేదా విండోస్ 7 నడుస్తూ ఉంటుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, 7కి 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చినప్పుడు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్కానింగ్ పరికరాలు కూడా లాక్ అయిపోయాయి. కాబట్టి పాత మెషీన్‌ని రిసెప్షన్ కంప్యూటర్ ఉన్న వైఫైకి తగిలించొద్దు. ఇమేజ్‌లు పంపాలంటే వేరే రూటర్ పెట్టుకోవడం మేలు.

డాప్లర్, 4డీ, డైకామ్ లాంటివి హార్డ్‌వేర్‌లో ఉన్నా లైసెన్స్ కీ ఉంటేనే తెరుచుకునే మెషీన్లు చాలా ఉన్నాయి. కీ సీరియల్ నంబర్‌కి కట్టేసి ఉంటుంది. డెమోలో టెంపరరీ కీతో అన్నీ పనిచేస్తాయి, నెల తర్వాత డాప్లర్ బటన్ బూడిద రంగులోకి వెళ్లిపోతుంది. ఆప్షన్స్ పేజీ తెరిచి ప్రతి దాని ఎదురుగా పర్మనెంట్ అని ఉందో లేదో చూసి ఫోటో తీసుకోండి. డైకామ్ మాత్రం తప్పకుండా ఉండాలి. స్కానింగ్ బొమ్మలకి అది 1993 నుంచి ఉన్న కామన్ ఫార్మాట్. అది లేకపోతే మండపేటలో తీసిన స్కాన్‌ని కాకినాడలో స్పెషలిస్ట్ సరిగ్గా చూడలేరు, ప్రింట్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకోవాల్సిందే.

మెషీన్ మీద పేరు కూడా ఒకసారి చూడండి. తోషిబా మెడికల్‌ని కెమెరాల కెనాన్ 2016లో కొనేసింది. మెడిసన్ అనే కొరియా కంపెనీ 2011 నుంచి శాంసంగ్‌ది. పాత పేరుతో ఉన్న మెషీన్‌కి ఇప్పుడు పార్ట్స్ ఎవరిస్తారో, ఆ మోడల్‌కి సపోర్ట్ ఎప్పటిదాకా ఉందో కంపెనీ నుంచే రాతపూర్వకంగా తీసుకోండి.

అసలు లెక్క: ఏడాదికి ఎన్ని రోజులు ఆగుతుంది?

అక్క ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. కింద ఉన్నవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, మీ కొటేషన్ అంకెలు పెట్టి మళ్లీ చేసుకోండి.

కొత్తది 12 లక్షలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వైద్య పరికరాల మీద జీఎస్టీ 5 శాతం కాబట్టి 60 వేలు. అంతకుముందు 12 శాతం ఉన్నప్పుడు ఇదే 1.44 లక్షలు అయ్యేది. డాక్టర్ సేవలకి జీఎస్టీ లేదు, అందుకే కట్టింది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి రాదు. రెండేళ్లు వారంటీ, తర్వాత మూడేళ్లు పార్ట్స్‌తో సహా మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఏడాదికి 72 వేలు, అంటే 2.16 లక్షలు. ఐదేళ్ల తర్వాత 3 లక్షలకి పోయిందనుకుందాం. నికరంగా 11.76 లక్షలు.

పాతది అన్నీ కలిపి 5 లక్షలు. పార్ట్స్ లేకుండా సర్వీస్ కాంట్రాక్ట్ ఐదేళ్లకి 1.5 లక్షలు, ఒక ప్రోబ్ 1.5 లక్షలు, ఒక పవర్ సప్లై బోర్డు 80 వేలు. చివర్లో లక్షకి అమ్మేశాం. నికరంగా 7.8 లక్షలు.

ఇంతవరకు పాతదే గెలిచింది. ఇప్పుడు మెషీన్ ఆగిన రోజులు కలపండి. రోజుకి 10 స్కాన్లు, ఒక్కోటి 700 అనుకుంటే ఒక్క రోజు ఆగితే 7 వేలు, ఐదేళ్ల మీద ఏడాదికి ఒక్కో రోజుకి 35 వేలు. కొత్తది ఏడాదికి 3 రోజులు ఆగినా 1.05 లక్షలు కలిసి 12.81 అవుతుంది. పాతది ఆ అంకెని దాటాలంటే ఏడాదికి 14 రోజులకి పైన ఆగాలి. 14 రోజుల లోపు ఆగితే పాతది లాభం, అంతకు మించితే కొత్తదే చవక.

ఏడాదికి 300 పనిరోజులు అనుకుంటే ఇది సుమారు 95 శాతం అప్‌టైమ్. మనం సాఫ్ట్‌వేర్‌లో మూడు తొమ్మిదుల గురించి మాట్లాడుకుంటాం గానీ, ఆసుపత్రి పరికరాల్లో 95 చిన్న టార్గెట్ కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాల మెయింటెనెన్స్ కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌లో జిల్లా ఆసుపత్రికి పెట్టిన టార్గెట్ కూడా అదే, 95 శాతం. ఆ ప్రోగ్రామ్ కోసం లెక్క తీస్తే రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయకుండా పడి ఉన్నాయని తేలింది.

కాబట్టి డీలర్‌ని అడగాల్సింది మెగాహెర్ట్జ్ కాదు. ఇంజనీర్ ఎక్కడ ఉంటాడు? రాజమండ్రిలో ఉంటే గంటలో వస్తాడు. హైదరాబాద్ నుంచి రావాలంటే ఒక రోజు, బోర్డు చెన్నై నుంచి రావాలంటే వారం. ఏడాదికి రెండుసార్లు వారం చొప్పున ఆగితే 14 రోజులు అక్కడే అయిపోయాయి. మెషీన్ ఆగిన రోజు ఏడిద నుంచో కపిలేశ్వరపురం నుంచో వచ్చిన నిండు గర్భిణిని మళ్లీ బస్సెక్కి రాజమండ్రి వెళ్లమనాలి. దాని ఖర్చు నా లెక్కలో వేయలేదు. "రిపేర్ అయ్యేదాకా స్టాండ్‌బై మెషీన్ ఇస్తాం" అని ఎవరైనా అంటే ఆ స్టాండ్‌బైకి కూడా పై చట్టమే వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

మండపేట వరకు ఇంకో మాట. ఊరి చుట్టూ రైస్ మిల్లులు. ఊక దుమ్ము ఫ్యాన్ ఫిల్టర్లలో చేరితే లోపల పీసీ వేడెక్కి రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. ఫిల్టర్ తీసి కడగడం వారానికోసారి అలవాటు చేసుకోవాలి. ఆన్‌లైన్ యూపీఎస్, మంచి ఎర్తింగ్ బడ్జెట్‌లోనే కలుపుకోవాలి.

ఎక్స్‌రే, సీటీ సంగతి

ఇవి రేడియేషన్ మెషీన్లు కాబట్టి అణుశక్తి నియంత్రణ బోర్డు, అంటే ఏఈఆర్‌బీ పరిధిలోకి వస్తాయి. పని అంతా ఈలోరా పోర్టల్‌లోనే. దాని అనుమతి లేకుండా నడపకూడదు, పాతది చేతులు మారాలన్నా అక్కడ చెప్పాలి. ఎక్స్‌రేలో మాత్రం పాత మెషీన్ మంచి బేరమే. జనరేటర్, ట్యూబ్ బాగుంటే దాన్ని ఉంచి డిజిటల్ ప్యానెల్ ఒక్కటే కొత్తది వేసుకోవచ్చు. పాత డెస్క్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేసినంత తేడా కనిపిస్తుంది. సీటీలో ట్యూబ్ అనేది ఫోన్ బ్యాటరీ లాంటిది, వాడేకొద్దీ అరుగుతుంది, మార్చాలంటే లక్షల్లో ఖర్చు. ట్యూబ్ ఎన్ని స్కాన్లు చేసిందో మెషీన్ లాగ్‌లో ఉంటుంది, అది చూడకుండా రేటు మాట్లాడొద్దు. ఎంఆర్ఐ చిన్న క్లినిక్ స్థాయి కాదు.

ఫోన్‌కి తగిలించే ప్రోబ్ తెప్పించుకోవచ్చా?

ఇది కామెంట్స్‌లో ఎలాగూ అడుగుతారు. బటర్‌ఫ్లై ఐక్యూ 2017లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది, సుమారు 2 వేల డాలర్లకి వచ్చింది. క్రిస్టల్స్ బదులు సిలికాన్ చిప్ వాడి ఒకే ప్రోబ్‌తో చాలా రకాల స్కాన్లు చేస్తుంది. టెక్నాలజీగా నాకు చాలా ఇష్టం. కానీ డల్లాస్‌లో ఉన్న బావ సూట్‌కేస్‌లో పెట్టి తెచ్చిస్తానంటే వద్దనండి. బిడ్డ లింగం కనిపెట్టగలిగే ఏ పరికరమైనా, జేబులో పట్టేదైనా అదే చట్టం కిందకి వస్తుంది. పోర్టబుల్ మెషీన్లని రిజిస్టర్ అయిన ఆవరణలో ఇన్‌పేషెంట్ల కోసం, లేదా మొబైల్ మెడికల్ యూనిట్‌లో భాగంగా మాత్రమే వాడాలని 2012లో రూల్ పెట్టారు.

అక్క చివరికి కొత్త మెషీన్‌లోనే ఒక మెట్టు కిందది తీసుకుంది. 4డీ వదిలేసి, ఆ డబ్బుతో మూడో ప్రోబ్, ఐదేళ్ల పూర్తి కాంట్రాక్ట్ పెట్టుకుంది. కాంట్రాక్ట్‌లో ప్రోబ్‌లు కూడా కవర్ అవుతాయని, 48 గంటల్లో ఇంజనీర్ రాకపోతే గడువు అన్ని రోజులు పొడిగిస్తామని రాయించుకుంది. ఆ రెండో లైన్ కోసం డీలర్‌తో మూడు వారాలు పట్టింది.

మీ ఇంట్లో ఇప్పటికే పాత మెషీన్ ఉండి అమ్మేస్తుంటే ఒక పని మర్చిపోవద్దు. అందులో హార్డ్ డిస్క్ ఉంటుంది, దాంట్లో వేలమంది పేర్లు, వయసులు, బొమ్మలు. పేషెంట్ లిస్ట్‌లో డిలీట్ నొక్కితే చాలదు. రికార్డులు బ్యాకప్ తీసుకుని, సర్వీస్ ఇంజనీర్ చేత డిస్క్ పూర్తిగా చెరిపించి, సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయించండి. కొనేవాళ్ల రిజిస్ట్రేషన్ కాపీ చేతికొచ్చాకే మెషీన్ వ్యాన్ ఎక్కించండి.