సముద్రం మీద పీహెచ్‌డీ: ఓడను నమ్ముకుని దిగకండి

ఉద్యోగం చేస్తూ సముద్ర శాస్త్రంలోనో, ఓషన్ ఇంజినీరింగ్‌లోనో పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు మొదట ఏ సంస్థ మంచిదని అడుగుతారు. ఆ ప్రశ్న రెండోది. థీసిస్‌కు కావాల్సిన కొలతలు ఎవరి దగ్గర ఉన్నాయి, అవి మీ చేతికి ఎప్పుడు వస్తాయి అన్నది మొదటిది. కెమిస్ట్రీ వాళ్ల ప్రయోగం ఇవాళ పాడైతే రేపు మళ్లీ చేసుకుంటారు. సముద్రంలో ఆ రేపు ఏడాది తర్వాత రావచ్చు.

మన దేశంలో లోతైన సముద్రంలోకి వెళ్లే పరిశోధన ఓడలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సాగర్ నిధి, సింధు సాధన లాంటి వాటి మీద చోటు కోసం ఎన్నో బృందాలు పోటీ పడతాయి. దానికి తోడు బంగాళాఖాతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. ఎక్కిన తర్వాత పనేమైనా జోరుగా సాగుతుందా అంటే అదీ లేదు. ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ అనే పరికరాన్ని, చుట్టూ నీళ్ల సీసాలు బిగించి, కేబుల్‌తో దింపుతారు. కేబుల్ దిగేది సెకనుకు సుమారు ఒక మీటరు. 3,000 మీటర్లకు దింపి, పైకి లాగుతూ మధ్యమధ్యలో ఆగి సీసాలు నింపుకునేసరికి దాదాపు రెండు గంటలు. ఓడకు పగలూ రాత్రీ ఒకటే కాబట్టి మీ వంతు అర్ధరాత్రి రెండింటికి పడినా డెక్ మీద ఉండాల్సిందే. ఇదంతా ఒక్క చోట ఒక్క కొలత కోసం.

అందుకని నేనిచ్చే సలహా మొండిగానే ఉంటుంది. థీసిస్‌లో మొదటి రెండు అధ్యాయాలైనా ఓడ ఎక్కకుండా పూర్తయ్యేలా విషయాన్ని ఎంచుకోండి. ఆర్గో ఫ్లోట్లు ప్రపంచ సముద్రాల్లో తేలుతూ, సుమారు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ కొలతలు పంపుతుంటాయి. ఆ డేటా అందరికీ ఉచితం. మన సముద్రాలకు సంబంధించినదాన్ని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అందిస్తుంది. గోదావరి, కృష్ణ, గంగ తెచ్చి పోసే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికైన పొరలా పరుచుకుని, పై నీటిని కింది నీటితో కలవనీయదు. ఆ పొర తుపాన్ల బలాన్ని ఎలా మారుస్తుందన్న ప్రశ్న ఒక్కటి చాలు, ఐదేళ్ల పని ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు సముద్రమంటే ఈత రావాలేమో అన్నట్టు వెనక్కి తగ్గుతారు గానీ, డేటాతో చేసే ఈ పనికి వాళ్లే ఎక్కువ పనికొస్తారు.

నీటి అడుగు ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లు తమ పాత వృత్తిని వదిలేసి కొత్తగా మొదలుపెట్టాలనుకుంటారు. అక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ వాళ్ల సంగతే చూడండి. సముద్రపు నీటిలో రేడియో తరంగాలు దూరం పోవు, జీపీఎస్ పనిచేయదు. మాట్లాడాలన్నా, దారి తెలియాలన్నా ధ్వనే దిక్కు. దాని వేగం సెకనుకు 1,500 మీటర్ల చిల్లర. మూడు కిలోమీటర్ల అడుగున ఉన్న యంత్రాన్ని ఎక్కడున్నావని అడిగితే జవాబు రావడానికి నాలుగు సెకన్లు. ఈలోగా అది కదిలిపోతుంది, ప్రతిధ్వనులు వచ్చి కలుస్తాయి. సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసినవాడికి ఇంతకన్నా మంచి సమస్య ఏముంది?

మెకానికల్ వాళ్లకు పీడనం ఉంది. 6,000 మీటర్ల లోతున అది వాతావరణ పీడనానికి దాదాపు 600 రెట్లు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) రూపొందిస్తున్న మత్స్య 6000 అనే లోతు సముద్ర వాహనంలో ముగ్గురు కూర్చునే గోళాన్ని 2.1 మీటర్ల వ్యాసం, 80 మిల్లీమీటర్ల మందంతో టైటానియంతో చేయాలని తలపెట్టింది అందుకే. రిఫైనరీలో ప్రెషర్ వెసెల్స్ వెల్డింగ్ తనిఖీ చేసినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ఇంత పెద్ద మాటల మధ్య పని చెడేది మాత్రం చిన్నచోట. పరికరం డబ్బా మూత బిగించేటప్పుడు ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక పడితే చాలు, అక్కడి నుంచే నీరు చొరబడుతుంది. గాడి తుడిచి, వేలితో తడిమి, గ్రీజు పలచగా రాసి, వెలుతురులో తిప్పి చూసి మూయాలి. ఈ ఓపిక ఏ కోర్స్‌వర్క్‌లోనూ నేర్పరు. షాప్‌ఫ్లోర్ మీద పనిచేసి వచ్చినవాళ్లకు అది ముందే ఉంటుంది.

సంస్థల విషయానికొస్తే తెలుగువాళ్లకు విశాఖే పుట్టిల్లు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసినప్పటి నుంచీ అక్కడ ఈ చదువుంది. జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ (ఎన్‌ఐఓ) ప్రాంతీయ కేంద్రం, నౌకాదళానికి పనిచేసే ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఇంజినీరింగ్‌కు ఐఐటీ మద్రాస్, ఐఐటీ ఖరగ్‌పూర్. పని ఎన్‌ఐఓ లాంటి ల్యాబ్‌లో జరిగినా డిగ్రీ వేరే యూనివర్సిటీ నుంచి రావచ్చు. ఏ యూనివర్సిటీ, ఏ నిబంధనలు అన్నది చేరకముందే తేల్చుకోండి. అమెరికాలో ఎంఐటీ, వుడ్స్ హోల్ సంస్థ కలిసి 1968 నుంచి ఉమ్మడి పీహెచ్‌డీ నడుపుతున్నాయి. అక్కడ కూడా మార్కుల కంటే ముందు, ఫలానా సమస్య మీద ఫలానావారితో ఎందుకు పనిచేయాలనుకుంటున్నారో చెప్పగలగాలి.

ఇక డబ్బు. ఫెలోషిప్‌కు పరీక్షలు రాయాలి. సీఎస్‌ఐఆర్ నెట్‌లో సముద్ర శాస్త్రం భూమి, వాతావరణ శాస్త్రాల పేపర్‌లో కలిసి ఉంటుంది. గేట్‌లో నేవల్ ఆర్కిటెక్చర్‌కు విడిగా పేపరుంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటద్దె భత్యం. ఇంటి లోను నడుస్తున్నవాళ్లు దీన్ని నమ్ముకుని రాజీనామా చేయొద్దు. పార్ట్‌టైమ్‌కు 2022 నాటి యూజీసీ నిబంధనలు వీలు కల్పించాయి. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లలోపు ముగించాలి, యజమాని నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి. ఐఐటీల నిబంధనలు వేరు, అవి విడిగా చదువుకోండి.

ఆ ఎన్‌ఓసీని తేలిగ్గా తీసుకుని తర్వాత తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు. చదువుకు సమయమిస్తామని, కోర్స్‌వర్క్ రోజుల్లో సెలవిస్తామని అందులో రాయించుకోండి. ఆఫీసు డేటా వాడుకుంటే పేపర్లు అచ్చువేసుకోవచ్చా అన్నదీ కాగితం మీదకు రావాలి. రక్షణ రంగంలో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సోనార్ మీద నాలుగేళ్లు కష్టపడ్డాక అనుమతి రాకపోతే థీసిస్ బీరువాలోనే ఉంటుంది. అలాంటివాళ్లు బహిరంగంగా దొరికే డేటాతో నిరూపించగల పద్ధతినే విషయంగా పెట్టుకోవడం మేలు.

ఇవన్నీ తేల్చుకున్నాక గైడుకు ఒక్క పేజీ ఉత్తరం రాయండి. ఆయన ఈమధ్య వేసిన పేపర్లలో రెండు చదివి, ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి మీ వృత్తి అనుభవంతో ఏం చేయగలరో నాలుగు వాక్యాల్లో చెప్పండి. వాడబోయే డేటా పేరు, అది ఎక్కడ దొరుకుతుందో రాయండి. వారానికి ఎన్ని గంటలు కేటాయించగలరో నిజం చెప్పండి. బయోడేటా తర్వాత పంపినా ఫరవాలేదు.