రోళ్లపాడు గడ్డిబీడు నేర్పిన పాఠము

“అభయారణ్యము” అను మాట వినగానే దట్టమైన అడవియు, ఎత్తైన వృక్షములును, సెలయేళ్లును మన మనస్సులో మెదలుట సహజము. మేమును అట్లే ఊహించుకొని, ఒక శీతకాలపు ఉదయమున ఇద్దరు అధ్యాపకులతో కూడి, కర్నూలునుండి నందికొట్కూరు మార్గమున బయలుదేరి, మిడుతూరు మండలములోని రోళ్లపాడు చేరితిమి. అచట మాకు కనబడినది మోకాలెత్తు గడ్డియు, అక్కడక్కడ ముళ్ల పొదలును మాత్రమే. “ఇది బీడు గదా! అడవి ఏదీ?” అని మాలో ఒకరు అడిగిరి. ఆ ప్రశ్నతోనే మా పాఠము ప్రారంభమైనది.

రోళ్లపాడు వన్యప్రాణి అభయారణ్యము 1988లో ఏర్పడినది. దీని విస్తీర్ణము సుమారు 614 హెక్టార్లు. నాడు కర్నూలు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతము 2022నుండి నంద్యాల జిల్లాకు చెందినది. అడవి లేని ఈ గడ్డినేలను కాపాడుటకు కారణము ఒక పక్షి. అదియే బట్టమేక.

బట్టమేక సుమారు ఒక మీటరు ఎత్తు పెరుగును. మగపక్షి పదునైదు కిలోగ్రాముల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో ఇది ఒకటి. ఇది చెట్టుపై వాలదు, గూడు కట్టదు. సాధారణముగా ఒకేయొక గ్రుడ్డును నేలపైననే పెట్టును. తల్లిపక్షి ఒక్కటియే దానిని పొదిగి, పిల్లను పెంచును. మిడుతలు, పురుగులు, బల్లులు, గింజలు దీని ఆహారము. శత్రువును దూరమునుండియే గుర్తింపవలెనన్న దీనికి చెట్లు లేని విశాలమైన గడ్డినేల కావలెను. మనము బీడనునది దానికి ఇల్లు. మా మిత్రుని ప్రశ్నకు ఇదియే సమాధానము.

ఈ పక్షిని ఉర్దూలో తుగ్‌దార్ అనియు, హిందీలో సోన్ చిరియా అనియు, రాజస్థానములో గోడావణ్ అనియు పిలుతురు. మొగలు చక్రవర్తి బాబరు తన ఆత్మకథలో హిందూస్థానపు పక్షులను వర్ణించుచు దీని మాంసపు రుచిని ప్రశంసించెను. ఆ రుచియే తరువాతి కాలమున దీని పాలిట శాపమై, వేటగాండ్ర తుపాకులకు ఇది సులభముగా గురియైనది. 1931–32లో హైదరాబాదు సంస్థానమందలి పక్షులను సర్వే చేసిన ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ, బట్టమేకను జాతీయపక్షిగా స్వీకరింపవలెనని సూచించెను. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కినది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము బట్టమేకను మొదటి షెడ్యూలులో చేర్చినది. 1980లలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన పరిశోధకులు రోళ్లపాడులోనే ఉండి, దీని జీవనవిధానమును అధ్యయనము చేసిరి.

అట్టి పక్షిని చూడవలెనని మేము తెల్లవారకముందే గడ్డిలో మాట్లాడక కూర్చుంటిమి. కృష్ణజింకల మంద ఒకటి గెంతుచు మా ముందునుండి సాగిపోయినది. మధ్య ఆసియానుండి వలసవచ్చు గద్దజాతి పక్షులు, రాత్రి గడ్డిలోనే నిద్రించినవి, సూర్యోదయముతో ఒక్కొక్కటిగా లేచి పొలములవైపు ఎగిరిపోయినవి. అవి మిడుతలను తిని రైతుకు ఉపకారము చేయునని మా అధ్యాపకులు తెలిపిరి. కాని బట్టమేక కనబడలేదు. అటవీశాఖ వాచరును అడుగగా, ఆయన కొంతసేపు మౌనము వహించి, “చూసి చాలా ఏండ్లయింది సార్” అని మాత్రము చెప్పెను. ఎవరికొరకు ఈ అభయారణ్యము ఏర్పడినదో ఆ పక్షియే నేడిచట లేదు.

దీనికి కారణములు ఆలోచింపదగినవి. బట్టమేక సరిహద్దు రాళ్లను ఎరుగదు. అభయారణ్యములో గ్రుడ్డు పెట్టినను, ఆహారమునకై చుట్టుపట్ల మెట్టపొలములకు పోవలెను. సాగునీరు రాగా జొన్న, కొర్ర పండిన మెట్టలు తగ్గి, వేరు పైరులు వచ్చినవి. పురుగుమందుల వాడకము పెరిగినది. ఊరకుక్కలు నేలపైనున్న గ్రుడ్లను తినివేయును. ముందున్న వస్తువులను సరిగా చూడలేని ఈ బరువైన పక్షి విద్యుత్తు తీగలకు తగిలి మరణించును.

తిరుగుప్రయాణమున ఒక వృద్ధరైతు చేనిగట్టున మాతో మాట్లాడెను. “జింకకైతే చట్టముండాది నాయనా, మా శనగచేనికేముండాది?” అని ఆయన అడిగెను. గడ్డిని కాపాడగా జింకలు వృద్ధిచెందినవి, వాని మేతకు పైరులు బలియైనవి. మాకు సమాధానము తోచలేదు. చుట్టునున్న రైతు సహకరింపనిదే ఏ అభయారణ్యమును నిలువజాలదని మాత్రము ఆనాడు బోధపడినది. రైతు నష్టమును సకాలమున తీర్చుటయు పక్షి సంరక్షణలో భాగమే.

నేడు దేశమంతటను బట్టమేకల సంఖ్య రెండువందలకు లోపుననే యున్నది. వానిలో అత్యధికము రాజస్థానములోని జైసల్మేరు ప్రాంతమున కలవు. అచట 2019నుండి గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచుచున్నారు. విద్యుత్తు తీగలను భూమిలో వేయుటను గూర్చి సుప్రీంకోర్టు 2021లో ఆదేశించి, 2024లో ఆ ఆదేశమును సవరించి నిపుణుల సంఘమును నియమించినది. అట్లు పెరిగిన పక్షులు ఎప్పుడైనను దక్షిణమునకు రావలెనన్న, వానికి ఇచట గడ్డినేల మిగిలియుండవలెను. కావున పక్షి లేకున్నను రోళ్లపాడు వ్యర్థము కాదు. ఇల్లు నిలిచియున్ననే గదా ఇంటివారు తిరిగివచ్చుట!

సోదర విద్యార్థులారా! ఖాళీనేల యెల్ల పనికిరానిదను భావమును మనము విడనాడవలెను. కళాశాల కార్యవర్గమువారికి మా మనవి యొక్కటి: ప్రతి సంవత్సరము విద్యార్థుల నొక దళముగా ఇచటికి పంపి, చూచిన ప్రాణులను తేదీతోసహా ఒక రిజిస్టరులో ఉర్దూ, తెలుగు భాషలు రెంటను వ్రాయించి, గ్రంథాలయములో భద్రపరుపవలెను. మా మొదటి పుటలో బట్టమేక పేరునకెదురుగా “కనబడలేదు” అని వ్రాసితిమి. మా తరువాత చదువువారెవరైనను అచట వేరొక మాట వ్రాయుదురుగాక యని మా ఆకాంక్ష.