కుడితిలోకి వద్దు చెల్లీ, ఆ బూజు గుళ్లు

చెల్లీ, మన రామచంద్రపురంలో ముసురు పట్టిందంటే డబ్బాలో వేరుశనగ గుళ్లు మెత్తబడిపోతాయి కదా. బూజు పట్టినవి పారెయ్యడానికి మనకి మనసొప్పదు, గేదె కుడితిలో కలిపేస్తాం. ఈసారి నీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. వేయించినా ఉడికించినా అది పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, మేతలో కలిపిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో వానకి తడిసిన మొక్కజొన్న తిని, కామెర్లొచ్చి వంద మందికి పైగా పోయారు. దాన్ని పరిశోధించింది మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్లే. ఆ గింజలు పారేస్తే పస్తుండాల్సిన పేదలమ్మా వాళ్లు, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఇక గేదె తిన్న విషంలో కొంత రూపు మార్చుకుని పాలల్లోకి దిగుతుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

కిలో గుళ్లలో ఈ విషం 15 మైక్రోగ్రాములు మించకూడదని మన నిబంధన. అంత కొంచెం కంటికీ ముక్కుకీ ఎలా అందుతుంది?

దానికోసమే ఓ బుల్లి పరికరం మీద పని జరుగుతోంది. పంటకాలవ మీదికి, ఒక గట్టుకే బిగించి చాపిన పలకలా ఉంటుంది. కాకపోతే సిలికాన్‌ది, పొడవు అర మిల్లీమీటరు, మందం వెంట్రుకలో చాలా చిన్న వంతు. దాని ఒక వైపున విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు పూస్తారు. విషం అంటుకోగానే ఆ వైపు ఒత్తిడి మారి పలక కొన్ని నానోమీటర్లు వంగుతుంది. లేజర్ కాంతి ఆ వంపుని పట్టేస్తుంది. ఇలాంటి పలకలు డీఎన్ఏ ముక్కల్నీ ప్రోటీన్లనీ గుర్తుపడతాయని 2000లోనే స్విట్జర్లాండులో ఐబీఎం శాస్త్రవేత్తలు చూపించారు. అయితే గుళ్లలోని నూనె, మాంసకృత్తులు కూడా పలకకి అంటుకుని లెక్క తప్పిస్తాయి, చుట్టూ వేడి మారినా వంగుతుంది. అందుకే ఇంకా ప్రయోగశాల దాటి మన సంతకి రాలేదు.

ఈలోగా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థవాళ్లు 2016లో, పావుగంటలో ఫలితం చెప్పే చవక పరీక్ష తెచ్చారు. ఇలాంటివి మిల్లుల్లో, పాలకేంద్రాల్లో ఉండి తీరాలని నా పట్టుదల. పాలు పోసేది ఎక్కువగా ఆడవాళ్లమే, అడగాల్సిందీ మనమే. నువ్వు మాత్రం గుళ్లు గలగలమనేదాకా ఎండబెట్టు, ముడతపడినవి, రంగు మారినవి ఏరి గోతిలో పాతిపెట్టు. గేదెకి అసలు పెట్టకు.